నీలి బకెట్

శ్రావణం మొదలై వారం తిరగకముందే మార్కండేయ గుడిలో చేపలకు రంగు తగ్గింది. ముందుగా కనిపెట్టినవాడు నరహరి. కనిపెట్టడమే అతని పని. రింగ్ రోడ్ మార్కెట్లో ఒక సేఠ్ దుకాణం వెనక గదిలో, అద్దకం మిల్లు నుంచి వచ్చిన బట్టను ట్యూబులైటు కింద బల్ల మీదికి లాగుతూ, రంగు ఎక్కడ పలచబడిందో, మరక ఎక్కడ పడిందో చూసి సుద్దముక్కతో గీత పెడతాడు. అతను గీత పెట్టిన బట్ట చుట్ట, ఆ థాన్ మొత్తం, మిల్లుకు వెనక్కి పోవలసిందే. మిల్లువాళ్లు వచ్చి ఎంత వాదించినా సేఠ్ ఆ గీతనే నమ్ముతాడు.

లింబాయత్‌లో మగ్గాల చప్పుడు ఆగని ఒక సందు చివర పద్మశాలి సమాజం వాళ్లు కట్టుకున్న చిన్న గుడి అది. ముందు హాలు, లోపల శివలింగం, పక్కన మార్కండేయుడి విగ్రహం, వెనక ఒక ఇరుకు గది. హాల్లో గోడవారగా గాజుతొట్టి. చేపల కోసం వచ్చిన పిల్లలు దేవుడికి కూడా ఒక దండం పెట్టి పోతారని సమాజం అధ్యక్షుడు పరమేశ్వర్ కిందటేడు తెప్పించి పెట్టించాడు. ఆయన అనుకున్నట్టే జరిగింది.

చేపలు వచ్చిన రోజునే నరహరి దుకాణంలోని కట్‌పీసుల మూటంతా వెతికి, వాటి నారింజ రంగుకు అచ్చంగా సరిపోయిన ముక్క ఒకటి తెచ్చి సంచీలో దాచుకున్నాడు. అదెందుకని భార్య భాగీరథి అడిగితే, రేపు రంగు తగ్గితే తెలియాలి కదా అన్నాడు.

"చేపలకు గూడ వాపసు ఉంటదా ఏంది," అని ఆమె నవ్వింది.

ఇప్పుడు ఆ ముక్క తీసి గాజుకు ఆనించి చూశాడు. బట్ట బట్టలాగే ఉంది. దాని పక్కన చేపలు, ఎండలో ఆరేసి మరిచిపోయిన చీరలా వెలవెలబోయాయి. వీపు మీద రంగు పోయి, ఒంటి మీద సన్నటి పాలపొర పరిచినట్టుంది. రెక్కలు ఒంటికి అంటించుకుని ఒక మూల గుంపుగా నిలబడ్డాయి.

నరహరి ముక్క మడిచి సంచీలో పెట్టాడు. ఆ చేపలతో అతనికి రోజూ ఒక ముచ్చట ఉంది. పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని గుడికి వస్తాడు. పూజారి దశరథం అభిషేకం ముగించేదాకా స్తోత్రం చదువుకుంటాడు. వచ్చినవాళ్ల చేతుల్లో తీర్థం పోసే పని నరహరిది. ఎన్నో ఏళ్లుగా ఆ పని అతనిదే, ఇంకెవరూ అడగరు, అతను ఇవ్వడు. తీర్థం ఇవ్వడం అయ్యాక, నిన్నటి అభిషేకం నీళ్లు మిగిలినవి ఎక్కడ పోయాలనేది ఒక సమస్య. అవి కాళ్లు తొక్కే చోట పడకూడదు. మురుగు పోయే మోరీలో అసలే పోయకూడదు. పెరటికి టైల్స్ వేసినప్పుడు తులసి గద్దె తీసేశారు. సందులో పిడికెడు మన్ను కనిపించదు. అందుకని నరహరి ఒక చెంబెడు తీసుకుని చేపల తొట్టిలో పోస్తాడు. మిగతావి దశరథం వారానికోసారి డబ్బాలో నింపుకుని తాపీ నదికి తీసుకుపోతాడు. తొట్టికన్నా శుద్ధమైన చోటు ఈ సందులో ఏముంది? అందులో కాలు పెట్టేవాడు లేడు. విష్ణువు మొదటి అవతారమే చేప కదా అని కూడా అతను అనుకునేవాడు.

ఈ శ్రావణంలో ఇంకో వింత కనిపించింది. చెంబు వంచగానే చేపలన్నీ మీదికి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తీర్థం పుచ్చుకుంటున్నాయనుకుని నరహరికి ఒళ్లు పులకరించేది. ఇంటికి పోయి భాగీరథికి చెప్పాడు కూడా.

ఆ రోజూ పోశాడు. చేపలు మీదికి వచ్చాయి. ఈసారి వాటి నోళ్లకన్నా పాలిపోయిన వీపులే అతని కళ్లకు కనిపించాయి. పనికి పోతూ దారిలో పరమేశ్వర్ ఇంటి ముందు ఆగి సంగతి చెప్పాడు. జంధ్యాలు మార్చుకునే నూలు పున్నమి దగ్గర పడుతోంది, సమాజమంతా వస్తుంది, అప్పటికి చేపలు ఇలా ఉంటే బాగుండదని ఇద్దరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దున పరమేశ్వర్ కబురు అందుకుని, చేపలు అమ్మిన కమలాకర్ వచ్చాడు. సోలాపూర్ పద్మశాలి, ఉధనాలో దుకాణం. వచ్చీ రాగానే తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని చాలాసేపు ఊరికే చూశాడు. ఆ తర్వాత టార్చి వేసి ఒక్కొక్క చేప వెంట కదిలించాడు.

"రంగు పోవుడు ఒక్కటే జబ్బు కాదు కాకా. మనకు జరమొస్తే మొఖం పీక్కపోతది సూడు, గట్ల. లోపల ఏమైందో వెతకాలె."

వెతకడం మొదలుపెట్టాడు. చీకట్లో ఉంచినా రంగు తగ్గుతుందట, కానీ హాల్లో వెలుతురుంది. ఒకే తిండి వేసినా తగ్గుతుంది, కానీ అది మెల్లగా నెలల మీద జరిగే పని. ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి తెల్ల చుక్కలు లేవు. రెక్కల అంచులు కుళ్లలేదు. మొప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి. అన్నిటికీ ఒకేసారి, ఒకే వారంలో ఇలా అయిందంటే చేపల్లో కాదు, నీళ్లలో చూడాలన్నాడు. తను వేసిన నల్ల నత్తలు ఏవని అడిగాడు.

గుడి ఊడ్చి తుడిచే భాగ్యలక్ష్మి అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉంది. భర్త పోయినప్పటి నుంచి వెనక గదిలో ఉంటూ, గుడి శుభ్రం, చేపల తిండి ఆమే చూసుకుంటోంది. ఆమె కిటికీ గట్టు మీంచి ఖాళీ చిప్పలు తెచ్చి చూపింది. శ్రావణం మొదట్లోనే ఒకటి వెంట ఒకటి అడుగుకు రాలిపోయాయని చెప్పింది. కమలాకర్ చిప్పలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమేం పోస్తరు కాకా తొట్టిల?"

"కార్పొరేషన్ నీళ్లు," అన్నాడు నరహరి. "మందు వాసన పోయేదాక బకెట్ల నిలవ పెట్టి పోస్తం. నువ్విచ్చిన తిండి, పొద్దుమాపు చిటికెడు."

"ఇంకేం పొయ్యరు గద?"

"ఇంకేం పోస్తం."

ఆ మాట అన్నప్పుడు నరహరి చేతిలో చెంబు ఉంది. ఇంకా తడి ఆరలేదు. అతను అబద్ధం ఆడలేదు. నీళ్లు అంటే అతని దృష్టిలో కుళాయి నీళ్లు, ట్యాంకరు నీళ్లు. తీర్థాన్ని నీళ్ల లెక్కలో అతను ఎన్నడూ వేయలేదు. భాగ్యలక్ష్మి ఏదో అనబోయి, ఆ చెంబు వైపు చూసి, కొంగు సర్దుకుని ఊరుకుంది. ఆ తటపటాయింపు నరహరి కంటపడింది. బల్ల మీద బట్ట పోతుండగా ఎక్కడో ఒక పోగు తేడా తగిలినట్టు తగిలింది.

సబ్బు, ఫినాయిలు, దోమల మందు, ఏదో ఒకటి నీళ్లలో కలుస్తోందని, అది ఆగితే చేపలు తేరుకుంటాయని చెప్పి కమలాకర్ వెళ్లిపోయాడు. అతను పోయాక అందరి చూపూ హాలు మూలనున్న ఫినాయిలు సీసా మీదికి పోయింది.

రెండో రోజు వాన దంచికొట్టింది. మార్కెట్ నేలమాళిగలోకి నీళ్లొస్తాయన్న భయంతో సేఠ్ మధ్యాహ్నానికే దుకాణం కట్టేశాడు. షేర్ ఆటో దిగి, ప్యాంటు పైకి మడుచుకుని ఇంటికి పోతూ నరహరి గుడిలో తలదాచుకుందామని ఎక్కాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల భాగ్యలక్ష్మి స్టూలు మీద నిలబడి తొట్టిలోంచి మగ్గుతో నీళ్లు తోడి బకెట్లో పోస్తోంది. తోడి, స్టూలు దిగి బిందె అందుకుని, మళ్లీ ఎక్కి కొత్త నీళ్లు నెమ్మదిగా తొట్టిలోకి వంచింది. మధ్యలో ఒకసారి గర్భగుడి వైపు, ఒకసారి తలుపు వైపు చూసింది. నరహరిని చూసి బిందె దించి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏం చేస్తున్నవ్ చెల్లె?"

"ఏం లేదన్నా. జర నీళ్లు మారుస్తున్న."

"ఎవరు మార్చుమన్నరు?"

ఆమె బకెట్ పక్కకు జరిపింది. ఎప్పటి నుంచి మారుస్తున్నావని అడిగాడు. కొద్ది రోజుల నుంచి అంది. తలుపెందుకు వేసుకున్నావని అడిగాడు. వాన జల్లు కొడుతోందని చెప్పింది. ఆ జల్లు ఎటు నుంచి కొడుతోందో నరహరి చూశాడు. గుమ్మం వైపు కాదు.

ఆ సాయంత్రం నూలు పున్నమి ఏర్పాట్ల కోసం హాల్లో పెద్దలు కూర్చున్నారు. పరమేశ్వర్, మగ్గాల షెడ్డు నడిపే నర్సింగం, ఇంకో నలుగురు. జంధ్యాల నూలు, అన్నదానం, షామియానా మాటలు అయ్యాక చేపల మాట వచ్చింది. నరహరి తాను చూసింది చెప్పాడు. ఒక్క మాట పెంచలేదు, ఒక్కటి తగ్గించలేదు. అతని గొంతులో కోపం లేదు. లేకపోవడం వల్లే అందరూ ఇంకా గట్టిగా నమ్మారు.

భాగ్యలక్ష్మిని పిలిచారు. ఆమె రెండు బకెట్లూ తెచ్చి అందరి ముందు పెట్టింది.

"ఎర్రది నేలకు. నీలిది చేపలకు. ఒకదాంట్ల ముంచిన చెయ్యి ఇంకోదాంట్ల ముంచలే."

"మరి దొంగచాటుగ నీళ్లెందుకు మార్చినవ్?" అన్నాడు నర్సింగం. "ఫినాయిలు పడితేనే గద మార్చాలె."

"నీళ్లు మంచిగ లేవనిపించింది."

"ఏమి జూసి అనిపించింది?"

ఆమె నరహరి వైపు చూసింది. ఆ చూపు నేరం ఒప్పుకోవడానికి ముందు మనిషి చూసే చూపులా ఉందని నరహరి అనుకున్నాడు. ఆమె తల దించుకుంది. ఎంత అడిగినా ఇక నోరు విప్పలేదు. చెప్పకపోతే తామేమనుకోవాలని పరమేశ్వర్ నొచ్చుకుంటూనే అన్నాడు. పండగ ముందర గుళ్లో ఇలాంటి అనుమానం ఉండకూడదన్నాడు. బార్డోలీలో ఆమె అక్క ఉంది, కొన్నాళ్లు అక్కడికి పోతే అందరికీ మంచిదన్నాడు. గది తాళం నరహరికి ఇమ్మన్నారు.

మర్నాడు ఆమె ఒక సంచీ, ఒక ట్రంకు పట్టుకుని వెళ్లిపోయింది. తాళం ఇస్తూ, "నీలి బకెట్ల నీళ్లు పట్టి పెట్టినన్నా, రేపటికి వాడొచ్చు," అని మాత్రం చెప్పింది. నరహరి తల ఊపాడు. గీత పెట్టిన థాన్ వెనక్కి పోయేటప్పుడు అతను ఎప్పుడూ జాలి పడలేదు. ఆ రోజు మాత్రం ఆమె ట్రంకు ఆటోలోకి ఎక్కుతుంటే అటు చూడలేక గంట సర్దే నెపంతో లోపలికి పోయాడు.

ఇక చేపలు కోలుకోవాలి. నరహరే చిటికెడు తిండి వేశాడు. నేల తుడవడానికి ఫినాయిలే వాడవద్దన్నాడు. ఆమె పట్టి పెట్టిన నీళ్లను కూడా అనుమానంతో పారబోశాడు. చేపల ఆయుష్షు కోసం మార్కండేయుడికి మొక్కుకుని, చెంబెడు తీర్థం పోసే చోట రెండు చెంబులు పోశాడు. చావుకు ఎదురు నిలిచి శివుణ్ణి కావలించుకున్న బిడ్డ పేరున కట్టిన గుడి అది. అక్కడ చేపలకేం భయమనుకున్నాడు.

మరుసటి పొద్దున ఒక చేప తేలింది. ఆ మరుసటి రోజు ఇంకా మూడు. మిగిలినవి బతికున్న గుర్తుగా మొప్పలు ఆడిస్తున్నాయి, అంతే. వాటి రంగు ఇప్పుడు తెల్ల నూలు రంగు. సంచీలోని గుడ్డముక్క తీసి చూసే ధైర్యం లేకపోయింది.

నరహరి చచ్చిన చేపల్లో ఒకదాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని ఉధనా పోయాడు. కమలాకర్ దాన్ని తెల్ల పళ్లెంలో వేసి, మొప్ప మూత ఎత్తి చూశాడు. లోపల ఎర్రగా ఉండవలసింది బురద రంగులో, జిగటగా ఉంది. ఆ మనిషిని పంపించాం కదా, ఇంకా ఎందుకు పోతున్నాయని నరహరి అడిగాడు.

"పంపినంక బాగైనయా, ఎక్కువైందా?"

"ఎక్కువైంది."

"మరి ఆమె చేతిల లేదు కాకా జబ్బు."

కమలాకర్ మాట అక్కడితో ఆపలేదు. నత్తల సంగతి ఆ రోజు నుంచీ తనను తొలుస్తోందన్నాడు. ఫినాయిలు పడితే చేపలు ముందు పోతాయి. నత్తలు ముందు పోయి, చేపలు వారమంతా వెలిసిపోతూ బతికాయంటే అది రాగి గుణం. నత్తకు రాగి పడదు. చేపల మందుల్లో కొన్నిటిలో రాగి ఉంటుంది, అలాంటిదేమైనా పోశారా? లేకపోతే భక్తులు పాత రాగి పైసలు వేశారేమో, తొట్టి అడుగున వెతకమన్నాడు.

నరహరి గుడికి తిరిగి వచ్చి మోచేతిదాకా తొట్టిలో పెట్టి గులకరాళ్లన్నీ కలియబెట్టాడు. పైసలు లేవు. ఎవరిదో జడపిన్ను దొరికింది, అది ఇనుము. మిగిలిన చేపలు అతని చేతికి తగిలి పక్కకు తప్పుకోవడానికి కూడా ఓపిక లేనట్టు కదిలాయి.

ఇంటికి పోయేసరికి భాగీరథి మోరీ దగ్గర కూర్చుని పండగకు పూజ సామాను తోముతోంది. చింతపండు ముద్దతో రుద్దుతుంటే రాగి చెంబు నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. నరహరి నిలబడి ఆ నీళ్లనే చూశాడు.

"ఏందట్ల చూస్తున్నవ్?" అంది. "కిలుం పట్టింది. మొన్న నీ సొంత చెల్లెలొచ్చి ఎరక్క దీంట్ల మజ్జిగ పోసిపెట్టింది. రాత్రంత ఉండె. రాగిల పులుపు పొయ్యొద్దని మీ అమ్మ నాకు వచ్చిన మొదటి దినమే చెప్పింది. ఆమె బిడ్డకు చెప్పలే ఉన్నట్టుంది."

ఆ సంగతి నరహరికి తెలియనిది కాదు. రాగిలో మజ్జిగ ఉంచకూడదని, చారు కాచకూడదని, ఉంచితే చిలుము దిగి విషమవుతుందని ఏ ఇంట్లోనైనా చెబుతారు. ఒక్కో మాటా తెలిసిందే. అవి ఒకదాని పక్కకు ఒకటి వచ్చి నిలబడటానికే ఇన్నాళ్లు పట్టింది. శ్రావణం మొదటి రోజున పరమేశ్వర్ తండ్రి పేరు చెక్కించి ఒక రాగి గంగాళం గుడికి ఇచ్చాడు. అంతకుముందు అభిషేకం నీళ్లు స్టీలు బకెట్లో పట్టేవారు. ఇప్పుడు పెరుగు, తేనె, నిమ్మరసం కలిసిన నీళ్లు ఆ గంగాళంలో పడి రాత్రంతా నిలవ ఉంటున్నాయి. పొద్దున్నే తాను ఒక చెంబెడు తీసి...

అతను చెప్పులు కూడా వేసుకోకుండా గుడికి నడిచాడు. గంగాళం వంచి నీళ్లు వేరే పాత్రలో పోసి అడుగున వేలు పెట్టి గీశాడు. వేలి కొసకు పచ్చగా అంటింది. లోపల దీపం వెలుగుతోంది. దేవుడి వైపు చూసి ఏదో అడగాలనిపించింది గాని ఏమడగాలో తెలియలేదు. నీళ్లు ఆయనవి. పాత్ర తామిచ్చింది. చూడకుండా పోసింది తాను.

అదే సమయంలో అతనికి ఇంకొకటి స్ఫురించింది. చేపలు ముందు వారం రోజులు ఎలా బతికాయి? ఆమె పోగానే రెండు రోజుల్లో ఎందుకు చచ్చాయి?

తెల్లారి సెలవు పెట్టి బార్డోలీ బస్సెక్కాడు. దారి పొడుగునా వానలో చెరకు తోటలు. భాగ్యలక్ష్మి అక్క ఇల్లు చక్కెర మిల్లుకు దగ్గర. భాగ్యలక్ష్మి వసారాలో చాటలో బియ్యం ఏరుతోంది. నరహరిని చూసి లేచి, చెంబుతో మంచినీళ్లు ఇచ్చి, అతను తాగేదాకా ఆగింది.

"చేపలెట్లున్నయన్నా?"

"సగం పోయినయి," అన్నాడు. చెంబు కింద పెట్టి, "తప్పు నాది చెల్లె. గంగాళం నీళ్లు," అన్నాడు.

ఆమె ఆశ్చర్యపోలేదు. మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది.

"నీకు తెల్సా?"

"తెల్సంటే ఏం తెల్సు. నువ్వు పోసి పోయినంక అవి మీదికొచ్చి నోర్లు తెరుస్తుండె. ఊపిరి అందక. జర నీళ్లు తీసి కొత్తయి పోస్తే కిందికి పోతుండె. రోజు గదే చేసిన. గంతే తెల్సు."

నోళ్లు తెరవడాన్ని తాను ఏమనుకున్నాడో గుర్తొచ్చి నరహరి తల వంచుకున్నాడు. భాగీరథికి చెప్పి మురిసిన మాట కూడా గుర్తొచ్చింది. వసారా అంచున కూర్చున్నాడు.

"మీటింగ్‌ల ఎందుకు చెప్పకపోతివి మరి?"

"ఏమని చెప్పాలన్నా? నరహరన్న పోసే తీర్థంతోని చేపలు సస్తున్నయని నేను చెప్పాల్నా?" ఆమె ఒక రాయి ఏరి పక్కన వేసింది. "ఫినాయిలు పోసింది అని ఎల్లగొడితే ఇంకోకాడ పని దొరుకుతది. దేవునికి వంక పెట్టింది అంటే ఏ గుమ్మం ఎక్కనిస్తరు?"

వచ్చెయ్యమన్నాడు. గది ఆమెదేనన్నాడు, తాను పరమేశ్వర్‌తో మాట్లాడతానన్నాడు. ఆమె బియ్యం చెరిగి, ఊక ఊది, అప్పుడు తల ఎత్తింది.

"ఇక్కడ నాకు చెప్తే ఏమొస్తదన్నా. నన్ను ఎక్కడ అన్నరో అక్కడ చెప్పు. అప్పుడు వస్త."

నూలు పున్నమి పొద్దున వాన తెరిపిచ్చింది. సందంతా మగ్గాలు ఆపేశారు. ఏడాదికి ఏవో నాలుగు రోజులే ఆ సందులో మనిషి మాట మామూలు గొంతుతో వినబడుతుంది. హాలు నిండా జనం, కొత్త జంధ్యాలు, ముంజేతులకు రాఖీలు. నరహరి ముందుగా పరమేశ్వర్‌ను పక్కకు పిలిచి అంతా చెప్పాడు. పరమేశ్వర్ ముఖంలో రంగు మారింది గాని కోప్పడలేదు. నెమ్మదిగా మాట్లాడాడు.

"ఆమెను రమ్మను. గది ఇద్దాం. గంగాళం మాట మాత్రం ఎత్తకు నరహరీ. మా నాయిన పేరున్నది దాని మీద. ఇంతమంది తాగేది తీర్థం. రేపు ఎవడన్న చెయ్యి చాపుతడా?"

ఆయన మాటలో కూడా న్యాయం లేకపోలేదని నరహరికి అనిపించింది. అంత పెద్ద గంగాళం చేయించిన కొడుకు మనసు ఎలాంటిదో అతనికి తెలుసు. పైగా దోసిట్లో పడే తీర్థం అప్పటికప్పుడు వెండి గిన్నెలో కలిపింది. దానికీ గంగాళానికీ సంబంధం లేదు. ఏమీ అనకపోతే సరిపోతుంది. భాగ్యలక్ష్మి మీద పడిన మాట మాత్రం అలాగే ఉంటుంది, చెరిపేవాడు లేని సుద్దగీతలాగ.

హారతి అయింది. జనం వరుస కట్టారు. నరహరి వెండి గిన్నె పట్టుకుని తన చోట నిలబడ్డాడు. మొదట చేయి చాపింది నర్సింగం. నరహరి ఉద్ధరిణ ఎత్తాడు, పోయలేదు.

"ఒక మాట చెప్పి పోస్త," అన్నాడు. "భాగ్యలక్ష్మి తొట్టిల ఫినాయిలు కలిపిందని ఇక్కడనే అన్నం. నేనే చెప్పిన. గది తప్పు మాట. రాగి గంగాళంల నిలవ ఉన్న నీళ్లు నేను రోజు చేపలకు పోసిన. పెరుగు, పులుపు ఉన్న నీళ్లు. కిలుం దిగింది. గా విషంతోని సచ్చినయి. ఆమె రోజు నీళ్లు మార్చి బతికిస్తుండె. గదాన్నే నేను దొంగచాటు పని అనుకున్న."

నర్సింగం చాపిన చేయి అలాగే ఉంచి, పక్కవాడితో, "చేపలకు మోక్షం ఇచ్చిండు మనోడు," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, తీర్థంలో విషమేమిటి, పండగ పూట ఆ మాటలేమిటని గట్టిగానే అన్నాడు.

దశరథం గర్భగుడి గడప మీదికి వచ్చాడు. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"తీర్థం చేతిల పోసుకుంటరు, నోట్లె వేసుకుంటరు. రాత్రంత రాగిల నిలవ పెట్టుమని ఎవరన్నరు? పాలు, పెరుగు రాగిల పొయ్యొద్దని నాకు నేర్పినోళ్లే చెప్పిండ్రు. పట్టే పాత్ర సంగతి నాకూ తోచలే. సగం తప్పు నాది రాసుకోండ్రి."

పరమేశ్వర్ ముందుకు వచ్చి నరహరి చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. "ఇయ్యాల నువ్వు కూసో," అని మాత్రం అన్నాడు. గిన్నె ఇంకొకరి చేతికి పోయింది. నరహరి వరుస చివరికి పోయి నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు గోకర్ణంలా మడిచిన చేతిలో చల్లగా నాలుగు చుక్కలు పడ్డాయి. కళ్లకద్దుకుని తాగాడు. ఇన్నేళ్లూ పోయడమే గాని ఇలా నిలబడి పుచ్చుకోవడం అతనికి గుర్తు లేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా గిన్నె అతని చేతికి తిరిగి రాలేదు. అతనూ అడగలేదు.

గంగాళాన్ని దశరథం చింతపండుతో తోమి, అందులో వట్టి నీళ్లే పోసి పెట్టాడు. పరమేశ్వర్ ఒక రోజు దాని ముందు కాసేపు నిలబడి, తండ్రి పేరును వేలితో నిమిరి వెళ్లాడు.

భాగ్యలక్ష్మి సోమవారం వచ్చింది. అప్పటికే కబురు బార్డోలీకి ఎవరి నోటనో చేరింది. ట్రంకు గదిలో పెట్టి, కొంగు బిగించి, ముందు తొట్టి దగ్గరికి పోయింది. నరహరి కమలాకర్ చెప్పినట్టు రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు మారుస్తూ వచ్చాడు. మిగిలిన చేపలు మూల వదిలి తిరుగుతున్నాయి. ఆమె వేలు నీళ్లకు తాకించగానే ఒకటి దగ్గరికి వచ్చి పోయింది.

పెరటి గోడవారగా పాత పెయింటు డబ్బాలో మన్ను నింపి ఒక తులసి మొక్క పెట్టి ఉంది. అది చూసి, ఎవరు తెచ్చారని అడిగింది. భాగీరథి మార్కెట్లో కొన్నదని, ఇక మిగిలిన నీళ్లు స్టీలు పాత్రలో పట్టి దానికి పోస్తామని నరహరి చెప్పాడు. ఆమె డబ్బా కాస్త ఎండ వైపు జరిపింది.

నరహరి సంచీలోంచి గుడ్డముక్క తీసి గాజుకు ఆనించాడు. చేపల వీపుల మీద ఎక్కడో లోపలి నుంచి నారింజ ఛాయ వస్తున్నట్టుంది గాని, బట్టకూ వాటికీ ఇంకా చాలా దూరం ఉంది. ముక్క కిందికి జరిపి, పైకి జరిపి, కళ్లు చికిలించి చూశాడు.

"థాన్‌లు కావన్నా అవి," అంది భాగ్యలక్ష్మి. "రోజు పట్టి చూస్తే రంగొస్తదా? గిటియ్యి."

అతని చేతిలోంచి ముక్క తీసుకుని, తడిపి, గాజు మీద పడిన వేలిముద్రలన్నీ దానితో తుడిచింది. పైన మొదలుపెట్టి కింది అంచుదాకా, మూలలు కూడా వదలకుండా తుడిచింది. నరహరి బకెట్లున్న మూలకు పోయి వంగాడు.

"ఏది తేవాలె చెల్లె?"

"నీలిది," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.